నూకరత్నం కట్టిన ఈగలు

మొన్న ఆదివారం మా అమ్మాయి వరండాలో మోకాళ్ళు ముడుచుకు కూర్చుని గోళ్ళకి రంగు వేసుకుంటుంటే ఆ ఘాటు వంటింట్లోకి వచ్చి, పోపులో వేసిన ఇంగువని కూడా పక్కకి నెట్టి, సూటిగా నా ముక్కుకి తగిలింది. నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పోపు మాడి పొగ వరండాలోకి వెళ్ళేసరికి అమ్మాయి పరుగెత్తుకొచ్చి, "ఏంటమ్మా, వాసన తెలీట్లేదా నీకు?" అని కసిరింది. తెలియకేం! యాభై దాటినదాన్ని, తెలిసిన వాసనలే ఎక్కువై చస్తున్నాను. మా అమ్మ జన్మలో గోళ్ళకి రంగు వేసుకున్న మనిషి కాదు, వేసుకున్నవాళ్ళని చూస్తే మూతి ముడుచుకునేది కూడాను. అయినా నా చిన్నప్పుడు మా ఇంట్లో పోపుల డబ్బా పక్కన రంగులేని గోళ్ళ పాలిష్ సీసా ఒకటి ఎప్పుడూ ఉండేది. అది గాలాలకి. చేపల్ని పట్టే గాలం మీద పట్టుదారం చుట్టడం పూర్తయ్యాక, ముడి ఊడకుండా దాని మీద ఒక్క బొట్టు పెట్టేది అమ్మ.

అప్పట్లో మేము బహ్రెయిన్‌లో ఉండేవాళ్ళం. సౌదీకి సముద్రం మీద వంతెన కడుతున్న రోజులవి. మా నాన్న అప్పారావు సిత్రాలో చమురు ట్యాంకుల దగ్గర ఓ కాంట్రాక్టు కంపెనీలో ఫిట్టరుగా చేరి, నాలుగేళ్ళు క్యాంపులో పడి ఉండి, ఫోర్‌మన్ అయ్యాక అమ్మనీ నన్నూ పిలిపించుకున్నాడు. హూరాలో ఒక పాత మేడ మీద రెండు గదులు. కింద రొట్టెల బట్టీ ఉండేది, తెల్లారేసరికి కాలిన పిండి వాసన మెట్లెక్కి వచ్చి మమ్మల్ని లేపేది. వేసవి వచ్చిందంటే సముద్రం మీంచి వచ్చే తేమకి గోడలు చెమర్చేవి, అగ్గిపుల్లలు వెలిగేవి కావు, డబ్బాలో ఉప్పు నీరయ్యేది, అప్పడాలు గుడ్డపేలికల్లా మెత్తబడేవి, నాన్న విప్పి తగిలించిన డ్యూటీ చొక్కా మర్నాటికి కూడా ఆరేది కాదు. దానికి పట్టిన గంధకం కంపు ఎన్ని ఉతుకులు ఉతికినా వదిలేది కాదు. సాయంత్రం ఎండ తగ్గాక నేను డాబా మీదకి వెళ్ళి ఖర్జూరం గింజలతో ఒక్కదాన్నే అచ్చెనగాయలు ఆడుకునేదాన్ని, నాతో నేనే ఓడిపోయి నాతో నేనే పోట్లాడుకునేదాన్ని. శుక్రవారం సెలవు. ఆ రోజు తెలుగు క్రైస్తవులు ఒక హాల్లో ప్రార్థన పెట్టుకునేవారు. మేము నూకాలమ్మకి మొక్కేవాళ్ళమే అయినా అమ్మ నన్ను లాక్కుని వెళ్ళి చివరి వరసలో కూర్చునేది, దేవుడి కోసం కాదు, నాన్నవీ నావీ కాని తెలుగు మాటలు రెండు గంటలసేపు చెవిన పడతాయని. క్రిస్మస్‌కి వాళ్ళు పంచే అరిసెల్లో నువ్వులు తక్కువయ్యాయని వంకలు పెడుతూనే నాలుగు తినేది.

అమ్మ పేరు నూకరత్నం. ఉప్పాడ నేతగాళ్ళ పిల్ల. పదకొండో ఏట మగ్గం గుంటలోకి కాళ్ళు దించింది, బహ్రెయిన్ వచ్చేదాకా పైకి తియ్యలేదు. బుటా లోపలా బయటా ఒకేలా కనిపించేలా ఒక్కొక్క పోగూ చేత్తో దూర్చి నేసే చీరలవి, ఒకటి పూర్తవ్వాలంటే నెలలు పట్టేది. అయ్యాక షావుకారు వచ్చి మడతపెట్టి, తన పేరున్న చీటీ అంటించి పట్టుకుపోయేవాడు. ఒకసారి కాకినాడలో ఏదో పెద్దింటి పెళ్ళిలో ఒకావిడ కట్టుకున్న చీర బుటా చూసి, అది తన చేతిదేనని గుర్తుపట్టి, అమ్మ ఆనందం ఆపుకోలేక కొంగు పట్టుకుని చెప్పబోతే, "ఎవరే నువ్వు? ముందు చెయ్యి తియ్యి" అందిట ఆవిడ. ఈ సంగతి అమ్మ నవ్వుతూనే చెప్పేది. కానీ చాలాసార్లు చెప్పేది.

బహ్రెయిన్‌లో మగ్గం లేదు. ఊరికే ఉండలేని చేతులు కాబట్టి చిరిగినవీ పిగిలినవీ అన్నీ బాగుచేస్తూ ఉండేది. ఓ రోజు నాన్న చొక్కా చెయ్యి ఇనప చువ్వకి తగులుకుని జానెడు చిరిగితే, ఆ చొక్కా అంచులోంచే పోగులు లాగి, పడుగూ పేకా కలిపి, చిరుగు ఎక్కడుందో నాన్నకే తెలియకుండా చేసింది. నాన్న పైఅధికారి డంకన్ అనే ముసలి ఇంజనీరు. అమ్మకి దొర, నాన్నకి సారు, నాకు అంకుల్. చిరిగిన రోజు ఆ చొక్కాని చూసినవాడే మర్నాడు ఎండలో నాన్న చెయ్యి పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, చిరుగు వెతికి వెతికి, ఇదెవరు కుట్టారని అడిగాడట. కంపెనీ బట్టలు పాడుచేసినందుకు చీవాట్లు పడతాయనుకున్నాడు నాన్న. "మా ఆవిడ సార్" అన్నాడు నీళ్ళు నమిలి.

ఆ వచ్చిన శుక్రవారమే దొర మా ఇంటికొచ్చాడు, చంకలో ఒక చెక్కపెట్టె పెట్టుకుని. వయసుకి నల్లబడిన పెట్టె, మూత మీద ఇత్తడి రేకు, రేకు మీద వాళ్ళ తాతగారి పేరు. మూత తియ్యగానే అమ్మ "అమ్మో" అంది. లోపల బెరడు చెక్కకి గుచ్చి వరసలు వరసలుగా నలభై ఒక్క గాలాలు, ఒక్కొక్కదాని ఒంటికి పట్టుదారం, వెండి తీగ, వెనక ఈకల తోక, పైన ఈకల రెక్కలు, పసుపూ నీలం కుంకుమరంగూ. వాటిని నీళ్ళ మీద ఆడిస్తే చేప అదేదో పురుగనుకుని నోరు తెరుస్తుందట, ఎర అక్కర్లేదట. దొర ఇంగ్లీషులో దాన్ని ఏమంటారో చెబితే నేను బడిలో నేర్చుకున్న చదువంతా ఉపయోగించి "ఈగ అంటన్నారమ్మా" అన్నాను. "చాల్లే సంబడం! ఇది ఈగేంటే, పెళ్ళికూతురు ముస్తాబైనట్టుంటేనూ" అంది అమ్మ. అప్పట్నుంచీ మా ఇంట్లో వాటి పేరు ఈగలే.

సగం ఈగలకి దారాలు పిగిలిపోయి, ఈకలు ఊడి వేలాడుతున్నాయి. దొర ఒక్కొక్కటీ చూపిస్తూ చెప్పాడు, నాన్న కొంత, నేను కొంత అర్థం చేసుకుని అమ్మకి చెప్పాం. వాళ్ళ తాతకి ఏటి ఒడ్డున గాలాల కొట్టు ఉండేదట. పెట్టె మీదా కొట్టు మీదా ఆయన పేరే. కానీ ఒక్క ఈగ కూడా ఆయన కట్టలేదు, అన్నీ వెనక గదిలో కూర్చుని నాయనమ్మ కట్టింది. ఆవిడ పేరు ఎక్కడా లేదు. వచ్చే వేసవిలో తను ఉద్యోగం విరమించి వెళ్ళిపోతాడు, ఈ పెట్టెని వాళ్ళ ఊళ్ళో పాత వస్తువులు దాచే హాలుకి ఇస్తాడు, అద్దాల బీరువాలో పెడతారు, పక్కన రెండు పేర్లతో అట్ట పెడతారు. ఒకటి కట్టినావిడ పేరు, రెండోది బాగుచేసినావిడ పేరు. "మీ పేరేమిటి?" అని అమ్మనే అడిగాడు, ఇంగ్లీషులోనే, కానీ అమ్మ వైపు తిరిగి. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న చెప్పాడు. దొర జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు.

ఆయన మెట్లు దిగాడో లేదో, "ఏం రాశాడే? నా పేరేనా? చూశావా నువ్వు?" అని నా జబ్బ పట్టుకుని ఊపేసింది. నా కాపీ పుస్తకంలో ఇంగ్లీషు అక్షరాలతో పెద్దగా రాయించుకుంది. తెలుగులోనే కూడబలుక్కుని చదివే మనిషి, ఆ కాయితం పిండి డబ్బా మూత లోపల అంటించుకుని, రొట్టెలు చేసినప్పుడల్లా అక్షరాల మీద వేలు పోనిచ్చేది. నాన్న వెక్కిరించేవాడు, "ఎక్కడో లండన్‌లో అద్దాల బీరువాలో ఉంటావు, ఎవడు చూడొచ్చాడే?" అని. అమ్మ తల తిప్పకుండానే "ఎవరూ చూడకపోతే మాత్రం ఉండదా ఏంటండీ?" అనేది. నాకు ఆ వయసులో పెద్దగా అర్థం కాలేదు కానీ ఒకటి మాత్రం తెలిసింది. మా అమ్మ నూకాలమ్మకి మొక్కుకున్నవాటిలో నా చదువు తరవాత ఆ అట్టముక్కే ఉంది.

దొర ఒక బుల్లి వైసు ఇచ్చాడు, బల్ల అంచుకి బిగించి గాలాన్ని పట్టి ఉంచేది. పట్టుదారం ఉండలు, తేనె మైనపు ముద్ద ఒకటి, గోళ్ళ పాలిష్ సీసా ఇచ్చాడు. అమ్మ ముందు కట్టలేదు. బాగా పాడైన ఈగనొకదాన్ని తీసుకుని, సూదిమొనతో ఒక్కొక్క చుట్టే విప్పుతూ మూడు రోజులు కూర్చుంది. మూడో రోజు నాన్న డ్యూటీ నుంచి రాగానే, మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా, "ఏవండీ, ఈ మామ్మగారిది ఎడంచెయ్యి వాటం" అంది. దారం అందరూ చుట్టే వైపు కాక ఎదురు వైపు చుట్టి ఉందట, ప్రతి ముడీ అలాగే పడిందట. నాన్న నమ్మకుండానే వెళ్ళి దొరతో చెప్పాడు. దొర చేతిలో పని పక్కన పెట్టేశాడట. బడిలో మాస్టార్లు ఆవిడ ఎడంచేతిని వీపు వెనక్కి కట్టేసి కూర్చోబెట్టేవారని, జీవితమంతా కుడిచేత్తోనే తిని, కుడిచేత్తోనే రాసి, ఆ వెనక గదిలో తలుపేసుకున్నాక మాత్రం ఎడంచేత్తో కట్టుకునేదని, ఇంట్లోవాళ్ళకి తప్ప ఆ సంగతి ఎవరికీ తెలీదని చెప్పాడట. అమ్మ అది విని కళ్ళు తుడుచుకుంది. "అలాగయితే నేనూ ఆవిడ చుట్టినట్టే చుడతాను, లేకపోతే రెండు చేతులూ రెండు దారులై పోవూ" అని, పద్దెనిమిదేళ్ళు మగ్గం మీద కుడిచేత్తో నాడె విసిరిన మనిషి, ఎడంచేత్తో చుట్టడం నేర్చుకోవడానికి కూర్చుంది. నెల పట్టింది. వేళ్ళ చివర్లు గాలం మొన గుచ్చుకుని, పచ్చిమిరపకాయలు తరిగినప్పుడల్లా ఉస్సురుస్సురని ఊదుకునేది.

పోయిన ఈకల బదులు ఈకలు కావాలి. జిదాఫ్స్ బజారుకి వెళ్ళి, కోళ్ళ గంపల ముందు కూలబడి, ఒక్కొక్క పుంజు మెడా పట్టి ఈకలు విడదీసి చూసేది. కోళ్ళ ముసలాయనకి మతిపోయేది. కాళ్ళూ ఛాతీ నొక్కి చూసి కొనేవాళ్ళనే గానీ మెడ ఈకలు చూసి కొనేవాళ్ళని ఆయన చూడలేదు. "యల్లా, యల్లా" అని తొందరపెట్టేవాడు, అమ్మ "ఉండవయ్యా బాబూ" అని తెలుగులోనే బదులిచ్చేది, ఇద్దరికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు. ఆ పుంజులు ఎంత ఉడికించినా ఉడికేవి కావు, నాన్న తిట్టుకుంటూ నమిలేవాడు. వెండి తీగ నల్లబడిన చోట్ల తన పెళ్ళి పట్టుచీర అంచులోంచి జరీ లాగి చుట్టింది. అంచు బోసిపోయిన ఆ చీరని మడిచి మళ్ళీ ట్రంకుపెట్టెలో అడుక్కి పెట్టేసింది.

ఇందులో నాకూ ఒక పని ఉండేది. దారానికి మైనం పట్టించడం. బడి నుంచి రాగానే నాలుగు బారల పట్టుదారం తీసి, మైనపు ముద్ద మీంచి రెండుసార్లు లాగాలి. అలా చేస్తే దారం గాలానికి పట్టు ఇస్తుంది, జారదు. దొర ఆ ఒక్కటీ మరీ మరీ చెప్పాడు, మైనం తప్ప ఇంకేమీ వద్దని. జూన్ నెలలో ఓ రోజు, ఆ ముద్దతో బొమ్మలు చేసుకుందామని డాబా మీదకి పట్టుకెళ్ళాను. నీళ్ళ ట్యాంకు మూత మీద పెట్టి ఆటలో పడి మరిచిపోయాను. మర్నాడు బడి నుంచి వచ్చి చూస్తే ముద్ద లేదు, మూత మీంచి పక్కలకి కారి, ఇసకంటుకుని నల్లగా అట్టకట్టింది. గోళ్ళతో గీకి, కాయితంలో చుట్టి కింద చెత్తకుండీలో పడేశాను. అమ్మతో చెప్తే ఏమయ్యేది? రెండు తిట్లు, ఒక మొట్టికాయ. దొరతో చెప్తే ఇంకో ముద్ద ఇచ్చేవాడు, ఆయన బల్ల సొరుగులో బోలెడున్నాయట. అంత మాత్రం దానికి నోరు రాలేదు నాకు.

ఆ రోజుకి దారం సిద్ధం చెయ్యాలి కదా. వంటింట్లో వార్చిన గంజి ఉంది. ఉప్పాడలో మా అమ్మమ్మ పడుగు నూలుని వీధి పొడుగునా సాగదీసి, కుంచెతో గంజి పూస్తూ నడవడం నేను చూశాను. గంజి పడ్డ పోగు బిర్రుగా ఉంటుంది, తెగదు, నలగదు. నేతగాళ్ళ ఇళ్ళల్లో పిల్లలకి అక్షరాలకంటే ముందు వచ్చే విద్య అది. నేను పట్టుదారాన్ని గంజిలో ముంచి, తుడిచి, డాబా మీద తీగకి సాగదీసి ఆరబెట్టాను. అమ్మ పట్టుకోగానే కనిపెట్టేసింది. "గంజి పెట్టావేంటే?" అంది. "మైనం అయిపోయిందమ్మా" అన్నాను నేను. అమ్మ ఒక క్షణం ఆలోచించింది. "దొరగారు మైనమే అన్నారు కదే" అని గొణిగి, ఒక చుట్టు చుట్టి చూసింది. దారం గాలానికి చక్కగా కరుచుకుంది. ఆవిడ మొహం విచ్చుకుంది. "పోన్లే, దారమన్నాక గంజి కొత్తా ఏంటి. మా అమ్మ పెట్టినట్టే పెట్టావే" అని నా నెత్తి నిమిరింది. నాకు ఒళ్ళంతా పొంగిపోయింది. మిగిలిన ఈగలన్నీ ఆ దారంతోనే కట్టింది, పది పైన.

ఆ రోజు మేమిద్దరం ఆలోచించనిది ఒకటుంది. చీరకి పెట్టిన గంజి మొదటి ఉతుకులో పోతుంది, పైగా అమ్మమ్మ నెలకోసారి చీరల్ని ఎండకేసి, వేపాకు వేసి మడతపెట్టేది. ఈగని ఎవరు ఉతుకుతారు? ఎండ తగిలితే ఈకల రంగు పోతుంది, పెట్టె మూసి చీకట్లో ఉంచమన్నాడు దొర. అమ్మ ఆ మాట తు.చ. తప్పకుండా పాటించింది. జూన్ ఆఖరుకి పని పూర్తయింది. దొర బదులు రావలసిన ఇంజనీరు రాక, ఆయన ప్రయాణం వాయిదా పడింది. సిత్రాలో తన గదిలో కంటే మా ఇంట్లోనే పెట్టె భద్రమన్నాడు. అమ్మ దాన్ని గుడ్డలో చుట్టి, ట్రంకుపెట్టెలో పెట్టి, పైన దుప్పట్లు కప్పింది. నేను ఒక్కసారి చూస్తానని పోరితే కూడా తియ్యలేదు. జులై, ఆగస్టు, సెప్టెంబరు. ఆ ఏడు తేమ ఎంతుందంటే గోడకున్న దేవుడి పటాల వెనక బూజు పచ్చగా పట్టింది.

అక్టోబరులో ఓ శుక్రవారం పొద్దున్న దొర వచ్చాడు. మర్నాడే ఆయన ప్రయాణం. అమ్మ తలంటు పోసుకుని, అక్కడి సముద్రంలో దొరికే సాఫీ అనే చేపల్ని చింతపండు పులుసు పోసి వండింది, ఆయనకి ఇష్టమని. ఆయన కుర్చీలో కూర్చోకుండానే జేబులోంచి అట్టముక్క తీశాడు. చక్కగా అచ్చు వేయించాడు. పైన వాళ్ళ నాయనమ్మ పేరు, కింద మా అమ్మ పేరు. నేను చదవబోతే అమ్మ నన్ను ఆపి, తనే వేలు పెట్టి, పిండి డబ్బా మూతలో నేర్చుకున్న అక్షరాల్ని ఒక్కొక్కటే పోల్చుకుంది. "ఇదే. ఇదే కదే" అంది. ఆవిడని అంత సంతోషంగా నేను అంతకు ముందు చూడలేదు, ఆ తరవాత చూడలేదు.

నాన్న ట్రంకుపెట్టెలోంచి పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. దొర మూత తీశాడు.

లోపల తవుడు లాంటి పొడి ఉంది. ఆ పొడిలో సన్నటి పురుగులు కదులుతున్నాయి, వాటి పాత తొక్కలు కుప్పలుగా పడి ఉన్నాయి. గాలాలు ఉత్త గాలాలై, బోసిగా, వరసలు తప్పకుండా నిలబడి ఉన్నాయి. గంజికొచ్చిన పురుగు గంజితో ఆగలేదు, పట్టు తింది, ఈకలు తింది. మేము కట్టినవే కాదు, అమ్మ ముట్టుకోని ఆ ముసలావిడ ఈగల్ని కూడా ఒక్కటి మిగల్చకుండా తినేసింది. అమ్మ పెళ్ళిచీర జరీ మాత్రం అక్కడక్కడ చుట్టలుగా పడి మెరుస్తోంది.

దొర అరవలేదు. ఒక గాలానికి వేలాడుతున్న దారప్పోగు లాగి, వేళ్ళ మధ్య నలిపాడు. తెల్లటి పొడి రాలింది. "ఇది మైనం కాదు. ఏమిటిది?" అని నన్నడిగాడు, ఇంట్లో ఇంగ్లీషు బాగా వచ్చింది నాకే కనక. నాన్న నా వైపు తిరిగాడు, ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.  మా అమ్మే అలా చెయ్యమంది అని ఇంగ్లీషులో చెప్పాను. తడబడకుండా, తప్పుల్లేకుండా చెప్పాను. అమ్మకి ఆ భాష రాదనే ధైర్యంతో చెప్పాను, అది నాకు అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు.

నాన్నకి అర్థమైంది. "ఏమే, గంజి పెట్టమన్నావా?" అన్నాడు. అమ్మ నన్ను చూసింది. నేను నేల చూశాను. "ఔనండి, నేనే పెట్టమన్నాను. పిల్లదానికేం తెలుసు" అంది.

దొర ఆ బోసిగాలాల పెట్టె మూసి చంకలో పెట్టుకున్నాడు. అట్టముక్క బల్ల మీంచి తీసుకుని, ఒక నిమిషం చేతిలో ఉంచుకుని, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. అమ్మకి నమస్కారం పెట్టాడు, పెట్టి మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆయన మళ్ళీ మాకు కనబడలేదు. నాన్న అమ్మని కొట్టలేదు, ఒక్క మాటన్నాడు. "చదువులేనిదానివి చదువులేనిదానిలా ఉండక నీకెందుకే ఈ గొప్పలు?" అన్నాడు. చేపల పులుసు ఎవరూ తినలేదు. పొద్దు వాలాక అమ్మ పిండి డబ్బా మూత లోపల కాయితాన్ని తడిపి, గోకి తీసేసింది. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. "అలా నిలబడ్డం దేనికి, పోయి ఆడుకోవే" అంది, మామూలు గొంతుతోనే.

ఆ తరవాత అమ్మ సూది పట్టుకోలేదు. అంటే నిజంగానే పట్టుకోలేదు. నాన్న చొక్కా బొత్తం ఊడితే వీధి చివర దర్జీ దగ్గరికి పంపేది. నా పరికిణీ చిరిగితే పిన్నీసు పెట్టేది. రెండేళ్ళ తరవాత కాకినాడ వచ్చేశాం. పక్కింటివాళ్ళు నేతపని గురించి అడిగితే, "అదంతా చిన్నప్పుడండి, మర్చిపోయాను" అనేది. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, సాయంత్రాలు ఊరికే కూర్చునేది. ఊరికే ఉండలేని చేతులు ఊరికే ఉండడం నేర్చుకున్నాయి, నేర్పింది నేను.

మీరనొచ్చు, పదేళ్ళ పిల్ల భయపడి ఒక మాటంది, దానికింతా అని. పైగా అమ్మ గంజికి ఒప్పుకుంది కదా అని కూడా అనొచ్చు. నేనూ ఇన్నేళ్ళూ నాకు అలాగే చెప్పుకున్నాను. కానీ కరిగిన మైనం సంగతి ఆ రోజు చెప్పి ఉంటే తప్పు ఒక చిన్నపిల్ల తుంటరితనమయ్యేది, మా అమ్మ చేతి తప్పయ్యేది కాదు. ఆ ముసలి దొర నాయనమ్మ పని మొత్తం తుడిచిపెట్టిన మనిషిగా మా అమ్మని తలుచుకుంటూ వెళ్ళిపోయాడు. నేను ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుని బతికాను, ముప్పై ఏళ్ళు. ఏ ఒక్క రోజూ నేను దొరకి చెప్పిన ఆ వాక్యం నా నోటికి మళ్ళీ తగలకుండా పోలేదు.

హూరాలో మా మేడ కొట్టేసి హోటల్ కట్టారని అక్కడున్న మా చుట్టాలబ్బాయి చెప్పాడు, రొట్టెల బట్టీ కూడా లేదట. ఉప్పాడలో అమ్మమ్మ వీధి, గంజి పూస్తూ నడిచిన ఆ వీధి, సముద్రం కోతకి కొట్టుకుపోయింది, ఇల్లూ మగ్గం గుంటా అన్నీ నీళ్ళకింద ఉన్నాయి. అమ్మ నేసిన చీరలు ఎవరి బీరువాల్లో ఉన్నాయో, ఎప్పుడు పాతగుడ్డలయ్యాయో తెలీదు. నిరుడు కార్తీకంలో అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు కాళ్ళు పడుతూ, "అమ్మా, ఆ రోజు మైనం" అని మొదలుపెట్టాను. "పిల్లదానికి అన్నం పెట్టావా?" అని అడిగింది. పెట్టానన్నాను. కళ్ళు మూసుకుంది. రెండు రోజులకి పోయింది.

పన్నెండో రోజు అయ్యాక మరణ పత్రం కోసం మునిసిపల్ ఆఫీసుకి వెళ్ళాను. గుమాస్తా కుర్రాడు మర్యాదగానే అడిగాడు, పేరు, వయసు, భర్త పేరు. నూకరత్నం అని రాసుకున్నాడు. "ఆవిడ ఏం పని చేసేవారండీ?" అన్నాడు. నా వెనక వరస చాలా ఉంది, ఎవరో గొంతు సవరించుకున్నారు. నేత అని చెప్పొచ్చు. ఈగలు కట్టేది అని చెప్పొచ్చు, ఎడంచేత్తో కట్టడం నేర్చుకుంది అని చెప్పొచ్చు. నలభై ఏళ్ళుగా చెబుదామనుకున్నదంతా గొంతులోకి వచ్చింది.

"ఏం లేదండి, ఇంట్లోనే ఉండేది" అన్నాను.

అతను గృహిణి అని రాసి, ముద్ర కొట్టి, "తరవాతెవరండీ?" అన్నాడు.